ఒక తీగ కోసం మూడు పొయ్యిలు

మే 3

ఏమోయ్ బావమరిదీ,

ఇక్కడ మీ అక్క కులాసా. నేను ఎలా ఉన్నానో ఉత్తరం చివరిదాకా చదివి నువ్వే తేల్చు.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఇక్కడ సిగ్నల్ దొరకాలంటే నీళ్ళ ట్యాంకు మీదకెక్కి తూర్పుకు తిరిగి నిలబడాలి. మొన్న అలాగే ఎక్కి నీతో మాట్లాడితే, కింద నుంచి మీ అక్క "దిగండి, దిగండి" అని అరిచిన అరుపులు మాత్రమే నీకు వినపడి ఉంటాయి. నా మాట ఒక్కటీ వినపడలేదని నీ హలోలను బట్టి అర్థమైంది. అరవై దాటినవాడికి ట్యాంకు కంటే తపాలా డబ్బా నయం.

సంగతేమిటంటే, ఈ ఇల్లు కట్టేటప్పుడు "వీధికి ఇంత దూరమా బావా" అని నువ్వంటే నేనేమన్నానో గుర్తుందా? ఉంటే మరిచిపో. బతుకంతా లిఫ్టులు బాగుచేసినవాణ్ణి. ఏ అంతస్తులో తలుపు తెరిచినా ఎవరో ఒకరు "ఇంకా ఎంతసేపయ్యా" అని మీదపడేవారు. రిటైరయ్యాక ఎవరి గొంతూ వినపడని చోట ఉండాలనుకున్నాను. ఉన్నాను. మొదట్లో హాయిగానే ఉంది. ఇప్పుడు చిక్కేమిటంటే, నాకూ మీ అక్కకూ మాట్లాడుకోవడానికి విషయాలు అయిపోయాయి. నిన్న భోజనాల దగ్గర, గోడ మీది బల్లి కొత్తదా పాతదా అని వాదించుకున్నాం. ఇద్దరం గట్టిగానే వాదించాం.

కేబుల్ వేయించుకుంటే టీవీ వస్తుంది, ఇంటర్నెట్ వస్తుంది, అదే తీగలో ఫోనూ వస్తుంది. కానీ వాళ్ళ లైను వీధి మలుపులో టైర్ల షాపు ముందున్న స్తంభం దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణుంచి మా గేటు దాకా మట్టిబాట, ముళ్ళపొదలు, ఎవరిదో తెలియని గాడిద. ఆ కేబుల్ ఆఫీసు నీ కళ్ళజోళ్ళ షాపు మేడ మీదే కదా. ఒక మాట వేసి చూడు.

మీ అక్క అప్పుడే హెచ్చరిక జారీ చేసింది. వానలు మొదలయ్యేలోగా కేబుల్ రాకపోతే మీ ఇంటికొచ్చి ఉంటుందట. ఎన్నాళ్ళు అని అడిగితే "నా సీరియల్ అయిపోయేదాకా" అంది. అది ఎప్పటికి అవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి ఇది నా ఒక్కడి సమస్య కాదు.

నీ మేలు కోరే
బావ


మే 11

బావకు, నీ ఆఖరి పేరా చదివి షాపు షట్టరు సగం దించి మేడ మెట్లెక్కిన బావమరిది రాసేది.

అక్క వస్తే నాకు సంతోషమే. మా ఆవిడకూ సంతోషమే. ఇంట్లో రిమోటు మాత్రం ఒక్కటే ఉంది.

ఆఫీసులో సర్వే చేసే ఆయన నాకు బాగా తెలుసు. పొడుగ్గా, మెడలో కొలత టేపుతో ఉంటాడు. ఎవరి కష్టం విన్నా కరిగిపోయే రకం. కళ్ళజోడు నా దగ్గరే చేయించుకున్నాడు. మాటిమాటికీ అద్దాలు తుడుచుకుంటుంటే దుమ్ము అనుకున్నాను, కాదు, కన్నీళ్ళు! నువ్వు నాకు ఏమవుతావో అతనికి చెప్పలేదు. చుట్టరికం అంటే పక్షపాతం అనుకుంటారు. "తెలిసినవాళ్ళండీ, మంచివాళ్ళు" అన్నాను. రెండో మాట అనడానికి కాస్త గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

ఇక అసలు తిరకాసు విను. కొత్తగా స్తంభాలు పాతాలంటే లైను చివర కనీసం మూడు కాపురాలుండాలట. ఒకే ఇంట్లో మూడు గదులుంటే చాలదు, మూడు పొయ్యిలు వేర్వేరుగా వెలగాలి. "ఒక్క ఇంటి కోసం అంత తీగ లాగితే పైవాళ్ళు నా చెవులు లాగుతారు" అన్నాడు. అంటే నీకిప్పుడు ఇరుగూ పొరుగూ కావాలి. ఇరుగూ పొరుగూ లేకుండా చూసుకోవడానికి నువ్వు పడ్డ పాట్లు తల్చుకుంటే... నేను నవ్వడం లేదు బావా. ఆ నవ్వు మా ఆవిడది.

వచ్చేవారం చూడటానికి వస్తాడు. ఆ గాడిద యజమానినైనా పట్టుకుని ఒక గది అద్దెకివ్వు.

నీ కోసం మెట్లెక్కిన
బావమరిది


మే 20

బావమరిదీ,

శుభవార్త. నీ సర్వే ఆయన వచ్చాడు, చూశాడు, కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు. మన పని అయినట్టే. ఎలా అయిందని మాత్రం అడగకు. చెప్పొద్దని మీ అక్క ఆంక్ష. నీ కడుపులో మాట దాగదట.

ఒక్కటి చెప్పగలను. మీ అక్క తన సామాన్లు సర్దుకుని వెనక రేకుల షెడ్డులోకి మారిపోయింది. ఇల్లంతా నాదే. ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నావ్! మంచానికి అడ్డంగా పడుకుంటున్నాను. నా టీ నేనే పెట్టుకుంటున్నాను. ఈ పని ఎప్పుడో చేయాల్సిందని ఇద్దరికీ అనిపించింది. పంపు గదిలో కూడా ఒక పొయ్యి పెట్టాం. అందులో ఉండే పెద్దమనిషి గురించి తీరిగ్గా రాస్తాను.

నిశ్చింతగా ఉన్న
నీ బావ


మే 22

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారం పెట్టడానికి చేతులు రావడం లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను.

ఇవాళ సర్వే ఆయన కళ్ళజోడు వదులైందని నా షాపుకు వచ్చాడు. స్క్రూ బిగిస్తూ, మా తెలిసినవాళ్ళ ఇల్లు చూశారా అని అడిగాను.

"చూశానండీ. గుండె తరుక్కుపోయింది" అన్నాడు.

"ఏమైందండీ?"

"ఆ వయసులో విడిపోయారండీ పాపం. ఆయన పెద్దింట్లో, ఆవిడ రేకుల షెడ్డులో. వేరే పొయ్యి, వేరే బిందె. ఆయన్ని కదిపితే 'ఆవిడ సంగతి ఆవిణ్ణే అడగండి' అన్నాడు. ఆవిణ్ణి కదిపితే 'ఆ మనిషి పేరెత్తకండి' అంది."

నేను మూడో వాటాలో ఎవరుంటారని అడిగాను.

"పంపు గదిలో ఆవిడ తమ్ముడట. పనీపాటా లేదు. పెళ్ళాం తరిమేస్తే వచ్చి అక్క పంచన చేరాడట. నేను వెళ్ళినప్పుడు లేడులెండి, పేకాటకు పోయాడన్నారు. అలాంటి తమ్ముడుంటే ఏ కాపురం నిలుస్తుందండీ?"

స్క్రూడ్రైవరు జారి ఆయన ఎడమ అద్దం మీద గీత పడింది. కొత్త అద్దం నేనే వేసి ఇస్తున్నాను, అది వేరే సంగతి.

బావగారూ, మా అక్కకు తమ్ముణ్ణి నేనొక్కణ్ణే. నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా షాపులోనే ఉంటున్నాను. మరి మీ పంపు గదిలో మా అక్క తమ్ముణ్ణని చెప్పుకుంటూ తిష్ఠవేసినవాడు ఎవడు? వాడి వల్లేనా ఈ గొడవ? మీరిద్దరూ నాతో ఒక్క ముక్క చెప్పలేదే!

భవదీయుడు,
మీ భార్యగారి అసలు తమ్ముడు

తా.క. కవరు అంటిస్తుండగా మీ ఇరవయ్యో తారీకు ఉత్తరం అందింది. ప్రశాంతంగా ఉందా! మంచానికి అడ్డంగా పడుకుంటున్నారా! మా అక్క రేకుల కింద ఉడికిపోతుంటే! పై ఆదివారం వస్తున్నాను. ఆ పేకాట తమ్ముణ్ణి కదలొద్దని చెప్పండి.


మే 26

ఒరేయ్ బావమరిదీ, రావద్దు!

నవ్వొకపక్క, భయమొకపక్క. పంపు గదిలో ఉన్నవాడివి నువ్వే.

మూడు పొయ్యిలు కావాలన్నది నువ్వే కదా. ఉన్నది ఇద్దరం. మీ అక్కే ఉపాయం చెప్పింది. నా పేరున పెద్దిల్లు, తన పేరున షెడ్డు, నీ పేరున పంపు గది. నీ అసలు పేరు రాస్తే ఆయన గుర్తుపడతాడని ఇంట్లో పిలిచే పేరు రాశాం, బుజ్జిబాబు అని. బట్టతల వచ్చిన షాపు ఓనరును ఆ పేరుతో ఎవరు పోల్చుకుంటారు? ఇప్పుడు నువ్వు వచ్చి ఆయన కంటపడ్డావంటే ముగ్గురి బండారమూ బయటపడుతుంది.

నాకు తెలియక అడుగుతాను, అంత మెత్తటి మనిషిని పంపావేమిటి? మొన్న మళ్ళీ వచ్చి, కాగితాల మీద సంతకం చేయకుండా జేబులో పెట్టుకున్నాడు. "ప్రతి ఆదివారం వస్తానండీ. మీ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతాను. మిమ్మల్ని కలిపేదాకా నాకు అన్నం సహించదు" అన్నాడు.

"మేం కలిసిపోతే రెండు కాపురాలే అవుతాయి కదండీ, లైను రాదేమో" అన్నాను మెల్లగా.

"లైనుదేముందండీ, జీవితం ముఖ్యం" అన్నాడు.

అదీ పరిస్థితి. కేబుల్ కావాలంటే ఆయన ముందు ప్రతి ఆదివారం పోట్లాడుకోవాలి. కింద మీ అక్క నాలుగు ముక్కలు రాస్తానంటోంది.

నీ బావ

ఒరేయ్ తమ్ముడూ, నువ్వేం కంగారుపడకు. షెడ్డులో వేడేమీ లేదు, రెండు వైపులా గాలి వస్తుంది. పేకాట అన్నది మీ బావ. తరిమేసిందన్నది నేను. ఆ సమయానికి నోటికి అదే వచ్చింది. మరదలికి చెప్పకు. — అక్క


జూన్ 2

బావా,

అక్క చెప్పొద్దన్న మాట మా ఆవిడ నాకంటే ముందే చదివేసింది. కవరు తనే చింపింది. "నేనెప్పుడు తరిమాను?" అని ఒక పూట, "తరిమితే ఎక్కడికి వెళతారో ఇప్పుడు తెలిసింది, దిగుల్లేదు" అని ఒక పూట. మొన్నటి నుంచి నన్ను బుజ్జిబాబూ అని పిలుస్తోంది, అదీ షాపుకొచ్చినవాళ్ళ ముందు.

నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. 'మీరు' అన్నది కూడా.

సర్వే ఆయన రోజూ షాపుకు వచ్చి మీ కాపురం గురించి నాతో చర్చిస్తున్నాడు. నిన్న నా చేతులు పట్టుకుని, "ఆ తమ్ముడు వెధవ ఒక్కసారి దొరకనీండి" అన్నాడు. నేనూ పళ్ళు కొరికి, దొరకనీండి అన్నాను. ఏం చెయ్యను?

జాగ్రత్త బావా, చప్పగా దెబ్బలాడితే ఇట్టే కలిపేస్తాడు. నువ్వు నోరు మూసుకుని అక్కకు వదిలెయ్యి. స్కూల్లో నాటకాలన్నిటిలో తనే ముఖ్య పాత్ర. ఏడిపించేసేది.

పేకాట రాని
బావమరిది


జూన్ 30

బావమరిదీ,

లైను వచ్చింది. మా గేటు ముందు స్తంభం నిలబడింది. మూడు తీగలు మూడు వైపులకు వెళ్ళాయి. పంపు గదిలో నీ పేరున ఒక పెట్టె పచ్చదీపం వేసుకుని కూర్చుంది. సంతోషంగా రాయాల్సిన ఉత్తరమే. రాయలేకపోతున్నాను.

నువ్వు నోరు మూసుకోమన్నా వినలేదు. మొదటి ఆదివారం నేను పోట్లాట మొదలుపెట్టాను, తడి తువ్వాలు మంచం మీద వేస్తుందని. సర్వే ఆయన నవ్వేసి, "ఇదేం గొడవండీ, సాయంత్రానికి కలిసిపోవచ్చు" అన్నాడు. రెండో ఆదివారం టీలో పంచదార గురించి. దానికీ నవ్వాడు. మూడో ఆదివారం ఆయన మీ అక్క సామాను తనే మోసుకొచ్చి ఇంట్లో పెడతానని లేచాడు. లైను చేజారిపోతోందని నేను మీ అక్క వైపు చూశాను. తను చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"కూర్చోండి సార్. ఈయనకి నా వంట ఎలా ఉందో ఇంతవరకూ తెలీదు. అందులో ఏం తక్కువైందో మాత్రం తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంతే. నన్ను కూడా లిఫ్టుని చూసినట్టే చూస్తారు, ఎక్కడ చప్పుడొస్తోందా అని. చప్పుడు రాకపోతే ఇక అక్కడ నేను ఉన్నట్టే కాదు" అంది.

నేను లోపల్లోపల శభాష్ అనుకుంటున్నాను.

"ఇల్లు ఎక్కడ కడదామని నన్ను ఒక్క మాట అడిగారా? ఎవరి గొంతూ వినపడకూడదన్నారు. సరే అన్నాను. ఆ ఎవరిలో నేనూ ఉన్నానా అని ఇన్నాళ్ళూ అడగలేదు. అడిగితే ఏం చెప్తారోనని భయం."

గొంతు పెంచలేదు, ఏడవలేదు. సర్వే ఆయన కళ్ళజోడు తీసేసి జేబురుమాలుతో మొహమంతా తుడుచుకున్నాడు. కాగితాలు తీసి మూడింటి మీదా సంతకాలు చేశాడు. "వీళ్ళను కలపడం నా వల్ల కాదు. ఆవిడకు టీవీ అయినా ఉండనీ" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన మలుపు తిరగ్గానే నేను చప్పట్లు కొట్టాను. "అబ్బ! ఏం చేశావే! ఆ డైలాగులన్నీ ఎక్కడివి?" అన్నాను.

"సొంతవే" అంది.

షెడ్డులోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

నటనలో ఇంకా మిగిలిందేమో అనుకున్నాను. తీగలు లాగిన మర్నాడు వెళ్ళి, "పని అయిపోయింది కదా, ఇక ఇంటికొచ్చెయ్" అన్నాను. "ఎందుకు?" అంది. కోపంగా కాదు, మామూలుగా అడిగింది. ఎందుకో చెప్పబోయాను. ఒక్కటంటే ఒక్క జవాబు తట్టలేదు. అక్కడే నిలబడి షెడ్డు తలుపు బందులకు నూనె వేయాలని చెప్పి వచ్చేశాను.

నువ్వు ఒక్కసారి రారాదూ?

బావ


జూలై 5

బావా,

ఈసారి నేను బోల్తాపడను! ఒకసారి నన్ను పేకాటరాయుణ్ణి చేశారు, రెండోసారి పరిగెత్తించి ఆ సర్వే ఆయన చేతికి చిక్కించాలని చూస్తున్నారు. "ఎందుకు" అందట, నీకు జవాబు తట్టలేదట! లిఫ్టులో ఇరుక్కున్న పదిమందికి మాటలు చెప్పి నవ్వించినవాడివి, నీకు జవాబు తట్టదా? ఉత్తరం చదివి షాపులో ఒంటరిగా నవ్వుకున్నాను. నటన బ్రహ్మాండంగా ఉందని అక్కకు చెప్పు. నీది అంతకంటే బ్రహ్మాండం.

బోల్తాపడని
బావమరిది

అన్నయ్యగారూ, కింద నేను రాస్తున్నాను. ఈయనకు అర్థం కాలేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నాకు నవ్వు రాలేదు. వదిన "రాను" అనలేదు, "ఎందుకు" అంది. రాకూడదనుకున్న మనిషి ఆ మాట అడగదు. మీరు జవాబు వెతకండి. తలుపు బందులు తర్వాత చూసుకోవచ్చు. — మీ చెల్లెలు


జూలై 17

బావమరిదీ, ఈ ఉత్తరం మా చెల్లెలికి రాస్తున్నాను, నువ్వు పక్కన కూర్చుని విను.

అమ్మా, నువ్వు చెప్పినట్టే వెతికాను. దొరికిన జవాబులు పట్టుకుని వరసగా షెడ్డుకు వెళ్ళాను. "ఇల్లు బోసిగా ఉంది" అన్నాను. "ఫ్యాను వేసుకోండి, కాస్త సందడిగా ఉంటుంది" అంది. మర్నాడు, "నా టీ నాకే సయించడం లేదు" అన్నాను. "ఓహో, అందుకా!" అని తలుపు వేసింది. ఆ పూట నా మీద నాకే చిరాకు వేసింది. ఎదురుగా నిలబడితే చాలు, చెప్పాలనుకున్నది కాకుండా నోట్లోంచి ఏదో ఒక ఫిర్యాదు బయటికొస్తుంది. వృత్తి అలాంటిది అనుకో.

ఈలోగా సర్వే ఆయన మళ్ళీ వచ్చాడు, బొమ్మ సరిగా వస్తోందా అని. ఇద్దరం వేర్వేరు వాకిళ్ళలో నిలబడి వస్తోందన్నాం. ఆయనకు నిజం చెప్పేద్దామనుకున్నాను. చెబితే లైను పోతుంది. పోనీ అబద్ధమే సాగిద్దామంటే, ఇప్పుడు అది కూడా నిజమైపోయింది!

నిన్న సాయంత్రం వాన పట్టింది. కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. కొత్త ఫోను మోగింది. పెట్టిన దగ్గర్నుంచీ అది మోగడం అదే మొదలు. ఆ నంబరు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. రాంగ్ నంబరేమో అనుకుంటూ తీశాను.

"హలో, ఎవరండీ?"

"షెడ్డు నుంచి" అంది మీ వదిన.

"చెప్పండి" అన్నాను. అవునమ్మా, మీ వదినను 'అండి' అన్నాను.

నవ్వింది. "తిన్నారా?"

"తిన్నాను. నువ్వేం వండుకున్నావు?"

"బంగాళాదుంప కూర."

"ఎలా కుదిరింది?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. "బాగా కుదిరిందండీ, చాలా బాగా కుదిరింది" అంది. ఆ తర్వాత ఇక ఆగలేదు. షెడ్డు రేకుల కింద పిచ్చుక గూడు పెట్టిందట, పిల్లలు కళ్ళు తెరిచాయట. టైర్ల షాపాయన భార్య గేటుదాకా వచ్చి పలకరిస్తోందట, కుట్టుపని నేర్పిస్తానందట. మేం పెళ్ళయిన కొత్తలో అద్దెకున్న గది రంగు నాకు గుర్తుందా అని అడిగింది. లేదన్నాను. నీలం అంది. తను చెబుతుంటే ఆ గోడ కళ్ళముందు కనపడింది. "మరి నువ్వు అప్పుడు ఆ గోడకు ఆనుకుని ఏదో పాడుకునేదానివి" అన్నాను. "అది విన్నారా మీరు?" అంది. విన్నానన్నాను. ఏ పాటో కూడా చెప్పాను.

వాన చప్పుడుకు కాస్త గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. తన సీరియల్ టైము కూడా దాటిపోయింది, నేను గుర్తు చేయలేదు.

మా కిటికీలోంచి చూస్తే షెడ్డు కిటికీ, అందులో ప్లాస్టిక్ కుర్చీలో మీ వదిన. కాళ్ళు పైకి ముడుచుకుని, ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ. పెళ్ళి కాని పిల్లలా ఉంది.

"కిటికీలోంచి నువ్వు కనిపిస్తున్నావు" అన్నాను.

"చూడకండి, మాట్లాడండి" అంది.

కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను. మాట్లాడాను.

మీ అన్నయ్య